ఇంట్లో ఉబుంటు కంప్యూటర్ అసలు ఏ డీఎన్ఎస్ సర్వర్‌ని అడుగుతాందో ఎట్ల తెలుసుకోవాల?

కల్లూరు_నాన్న (కర్నూలు)

అందరికీ నమస్తే. మాది కర్నూలు, కల్లూరు సైడు. ఇంట్లో పాత డెస్క్‌టాప్ ఒకటుంటే విండోస్ తీసేసి ఉబుంటు 24.04 వేసినా. పాప తొమ్మిదో తరగతి, బాబు ఆరు, ఇద్దరూ దాంట్లోనే హోంవర్కు చూసుకుంటారు, వీడియోలు చూస్తారు. పిల్లలు వాడేది కదా, చెడ్డ సైట్లు రాకూడదని క్లౌడ్‌ఫ్లేర్ కంపెనీ వాళ్ళ ఫ్యామిలీ డీఎన్ఎస్ ఉంది కదా (సైటు పేరుకి అడ్రస్ వెతికిచ్చేది డీఎన్ఎస్ సర్వర్, వీళ్ళది చెడ్డ సైట్లని ఆపుతాది), 1.1.1.3 ఇంకా 1.0.0.3, అవి రౌటర్‌లో డీహెచ్‌సీపీ పేజీలో (రౌటర్ ఇంట్లో మెషీన్లకి నెట్ సెట్టింగులు పంచే చోటు) పెట్టినా. ఫోన్లలో ప్రైవేట్ డీఎన్ఎస్ సెట్టింగ్‌లో వాళ్ళదే పేరు ఇచ్చినా, ఫోన్లు ఏ ఇబ్బందీ లేవు.

కంప్యూటర్‌తోనే వచ్చింది. టెస్ట్ చేసుకోడానికి క్లౌడ్‌ఫ్లేర్ వాళ్ళే ఇచ్చిన సైటు ఉంది, న్యూడిటీ డాట్ టెస్ట్‌కేటగిరీ డాట్ కామ్, అది పొద్దున బ్లాక్ అయితాది, సాయంత్రం మళ్ళీ చూస్తే మామూలుగా తెరుచుకుంటాది, మధ్యలో నేను ముట్టుకున్నది ఏమీ లేదు. అసలు ఈ కంప్యూటర్ ఎవరిని అడుగుతాందో చూద్దామని నెట్‌లో చదివి ఈటీసీ ఫోల్డర్‌లో రిజాల్వ్ డాట్ కాన్ఫ్ ఫైల్ తెరిస్తే నేమ్‌సర్వర్ 127.0.0.53 అని ఒక్కటే ఉంది. అది నేను పెట్టింది కాదు, మా రౌటర్ 192.168.1.1, అదీ కాదు. ఎవరిదన్నా ఆ అడ్రస్? నిజంగా ఏ సర్వర్‌కి పోతాందో ఖచ్చితంగా ఎట్ల చూడాల? పిల్లల విషయం కాబట్టి అయితే అయింది లేకపోతే లేదు అని వదిలేసేది కాదు, దయచేసి వివరంగా చెప్పండి.

---

ఆదోని_98

ఇంత ఆలోచన ఎందుకన్నా, ఆ ఫైల్‌లో 127.0.0.53 తీసేసి 1.1.1.3 రాయి, దాని కింద బ్యాకప్‌కి గూగుల్ వాళ్ళ డీఎన్ఎస్ 8.8.8.8 రాయి, సేవ్ చెయ్, అయిపాయ.

---

టవర్‌క్లాక్_పెంగ్విన్ (అనంతపురం)

ఆదోని తమ్ముడూ, నువ్వు మంచికే చెప్పినావు గానీ ఆ రెండూ చెయ్యొద్దప్పా, ఎందుకో కింద చెప్తా. ముందు కల్లూరు అన్న అడిగినదానికి.

127 తో మొదలయ్యే అడ్రస్ ఏదైనా సరే మన కంప్యూటరే, బయటోళ్ళది కాదు. ఉబుంటులో సిస్టమ్‌డీ రిజాల్వ్‌డీ అని ఒక సర్వీసు వెనకాల నడుస్తా ఉంటాది, అది 127.0.0.53 లో కూచోనుంటాది. ఇంట్లో సరుకు తెచ్చే మనిషి ఒకడున్నాడు అనుకో, అందరూ ఆయనకే చెప్తారు, ఆయన ఏ అంగడికి పోయి తెస్తాడో చెప్పినోళ్ళకి తెలీదు. బ్రౌజర్, అప్‌డేట్లు, అన్నీ 127.0.0.53 ని అడుగుతాయి, అది బయట ఎవరినో అడిగి తెచ్చి ఇస్తాది, తెచ్చింది కొంచెంసేపు క్యాష్‌లో (తాత్కాలికంగా దాచుకునే చోటు) పెట్టుకుంటాది. కాబట్టి ఆ ఫైల్ చూస్తే బయట సర్వర్ ఎవరో ఎప్పటికీ తెలీదు. పాత బ్లాగులు చదివితే ఇంకా తికమక అయితాది, ఎందుకంటే ఉబుంటు 12.04 నుంచి 16.04 దాకా డెస్క్‌టాప్‌లో ఇదే పని డీఎన్ఎస్‌మాస్క్ అనే ప్రోగ్రాం చేసేది, అప్పుడు ఆ ఫైల్‌లో 12.04 లో 127.0.0.1 అని, ఆ తర్వాత వాటిలో 127.0.1.1 అని ఉండేది. డెబియన్ 12 మామూలుగా వేస్తే రిజాల్వ్‌డీ ఉండదు, రౌటర్ ఇచ్చిన అడ్రసే నేరుగా ఫైల్‌లో కనపడతాది. ఫెడోరా వాళ్ళు 2020లో, 33వ వెర్షన్ నుంచి రిజాల్వ్‌డీకి మారినారు. ఒక్కో లైనక్స్‌ది ఒక్కో తీరు, అందుకే నెట్‌లో దొరికిన జవాబు మన మెషీన్‌కి వర్తిస్తాదో లేదో చూసుకోవాల.

మరి ఎట్ల చూడాల అంటే, టెర్మినల్ తెరిచి రిజాల్వ్‌సీటీఎల్ స్టేటస్ అని కొట్టు (ఇక్కడ పలికినట్టు తెలుగులో రాస్తాండా, అక్కడ ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టుకో, ఫైల్ పేరులో రిజాల్వ్‌కి చివర ఈ ఉండదు, కమాండ్‌లో మాత్రం ఉంటాది, చాలామంది అక్కడే ఆగిపోతారు). మొదట గ్లోబల్ అని ఒక భాగం వస్తాది, కింద ఒక్కో నెట్‌వర్క్ కార్డుకి లింక్ 2, లింక్ 3 అని విడివిడిగా వస్తాయి. నువ్వు వాడే వైఫై లేదా కేబుల్ లింక్ కింద రెండు లైన్లు ముఖ్యం. డీఎన్ఎస్ సర్వర్స్ అనే లైనులో ఇచ్చిన అడ్రస్‌లు అన్నీ ఉంటాయి, కరెంట్ డీఎన్ఎస్ సర్వర్ అనే లైనులో ప్రస్తుతం ఎవరిని అడుగుతాందో ఆ ఒక్కటి ఉంటాది. ఆ రెండూ యథాతథంగా ఇక్కడ పెట్టు, పొద్దున ఒక తీరు సాయంత్రం ఒక తీరు ఎందుకో దాంట్లోనే దొరకతాది.

ఇంక ఆ ఫైల్ సంగతి. ఉబుంటులో అది నిజమైన ఫైల్ కాదు, రన్ ఫోల్డర్‌లో రిజాల్వ్‌డీ రాసుకునే ఇంకో ఫైల్‌కి లింకు. రన్ ఫోల్డర్ మొత్తం మెమరీలో ఉండేది, రీస్టార్ట్ చేస్తే పోతాది, అంటే చేత్తో రాసింది నిలబడదు. కొంతమంది లింకు తీసేసి ఫైల్ మారకుండా లాక్ వేస్తారు, అట్ల చేస్తే రేపు వీపీఎన్ వేసుకున్నా, వేరే ఊర్లో వేరే వైఫైకి కలిపినా పేర్లు దొరక్క తల బద్దలు కొట్టుకోవాల.

8.8.8.8 బ్యాకప్ అనేది దానికంటే ప్రమాదం. రిజాల్వ్‌డీకి మొదటిది ముఖ్యం, రెండోది అవసరానికి అనే లెక్క లేదు, లిస్టులో ఉన్నవన్నీ దానికి సమానమే. ఇప్పుడు అడిగే సర్వర్ ఒకసారి జవాబివ్వకపోతే పక్కదానికి మారి, అది బాగున్నంతసేపు అక్కడే ఉండిపోతాది, మొదటిది మళ్ళీ బాగైనా వెనక్కి రాదు. అంటే ఫిల్టర్ ఉన్న సర్వర్, లేని సర్వర్ ఒకే లిస్టులో కలిపి పెడితే, నెట్ ఒక్క క్షణం తడబడితే చాలు, ఫిల్టర్ లేని దాంట్లోకి పోయి కూచుంటాది, మనకి ఏ మెసేజీ రాదు. పిల్లల కోసం పెట్టేటప్పుడు 1.1.1.3 పక్కన 1.0.0.3 తప్ప ఇంకేదీ పెట్టొద్దు.

---

కల్లూరు_నాన్న

చాలా థాంక్స్ అన్నా, ఇన్ని దినాలు ఆ ఫైలే నిజం అనుకుంటా ఉన్న్యా. నువ్వు చెప్పినట్టే కొట్టినా. లింక్ 3 వైఫై కింద ఇట్ల ఉంది:

కరెంట్ డీఎన్ఎస్ సర్వర్: ఎఫ్ఈ80::1
డీఎన్ఎస్ సర్వర్స్: 1.1.1.3 1.0.0.3 ఎఫ్ఈ80::1

1.1.1.3, 1.0.0.3 నేను పెట్టినవే. ఆ మూడోది ఎక్కడిది? నేను రౌటర్‌లో అట్లాంటిది ఏదీ రాయలేదు.

---

టవర్‌క్లాక్_పెంగ్విన్

దొరికింది చూడు! అది మీ రౌటరే, ఐపీవీ6 అడ్రస్‌తో (1.1.1.3 లాంటివి పాత పద్ధతి ఐపీవీ4 అడ్రస్‌లు, ఐపీవీ6 కొత్త పద్ధతి).

నువ్వు డీహెచ్‌సీపీ పేజీలో పెట్టింది ఐపీవీ4 కి మాత్రమే. ఐపీవీ6 లో రౌటర్ వేరే దారిలో, రౌటర్ అడ్వర్టైజ్‌మెంట్ అనే మెసేజీలు అప్పుడప్పుడు ఇంట్లో ఉన్న మెషీన్లన్నిటికీ పంపిస్తా ఉంటాది, దాంట్లోనే "డీఎన్ఎస్ కావాలంటే నన్నడగండి" అని తన అడ్రస్ కూడా పెడతాది. ఉబుంటు దాన్ని కూడా లిస్టులో చేర్చుకుంటాది. రౌటర్‌ని అడిగితే అది నెట్ కంపెనీ వాళ్ళ సర్వర్‌ని అడిగి చెప్తాది, అక్కడ ఫిల్టర్ ఉండదు. పొద్దున 1.1.1.3 లో ఉన్నప్పుడు బ్లాక్ అయ్యింది, ఎప్పుడో నెట్ తడబడినప్పుడు ఎఫ్ఈ80::1 కి మారింది, సాయంత్రం తెరుచుకుంది. నేను పైన చెప్పిన 8.8.8.8 కథే, నువ్వు రాయకుండానే మూడో సర్వర్ వచ్చి చేరింది అంతే.

సరిచేసేది కష్టం కాదు. సెట్టింగ్స్‌లో వైఫై పేరు పక్కన పండ్లచక్రం (గేర్) గుర్తు నొక్కు, ఐపీవీ4 ట్యాబ్‌లో డీఎన్ఎస్ దగ్గర ఆటోమేటిక్ ఆఫ్ చేసి 1.1.1.3, 1.0.0.3 రాయి. తర్వాత ఐపీవీ6 ట్యాబ్‌లోకి పోయి (అందరూ మర్చిపోయేది ఇదే) అక్కడ కూడా ఆటోమేటిక్ ఆఫ్ చేసి 2606:4700:4700::1113, 2606:4700:4700::1003 రాయి, ఇవి అదే ఫ్యామిలీ ఫిల్టర్‌కి ఐపీవీ6 అడ్రస్‌లు. అప్లై కొట్టి వైఫై ఒకసారి ఆపి మళ్ళీ ఆన్ చెయ్, లేకపోతే పాత లిస్టే ఉంటాది. కొంతమంది ఐపీవీ6 మొత్తం ఆపేయమంటారు, ఏం అవసరం లేదప్పా, అది బాగా పనిచేస్తాంటే దాన్ని చంపుకోవడం ఎందుకు, డీఎన్ఎస్ ఒక్కటి సరిచేస్తే చాలు.

---

ఏడురోడ్ల_అడ్మిన్ (కడప)

పెంగ్విన్ అన్న చెప్పింది నూటికి నూరుపాళ్ళు కరెక్టు. కాకపోతే స్టేటస్‌లో కనపడేది రిజాల్వ్‌డీ ఏమి చేయాలనుకుంటాందో అది మాత్రమే, తీగలో నిజంగా ఏం పోతాందో కళ్ళతో చూడల్లంటే ఇంకో పద్ధతి ఉండాది, నాకు అదే ఇష్టం, ఒక్కసారి చూస్తే ఇంక ఎవరి మాటా నమ్మాల్సిన పని ఉండదు.

సుడో టీసీపీడంప్ హైఫన్ ఎన్ఐ ఎనీ పోర్ట్ 53 అని ఒక టెర్మినల్‌లో కొట్టి వదిలెయ్యి (సుడో అంటే అడ్మిన్ అధికారంతో నడపడం, టీసీపీడంప్ నెట్‌లో వచ్చేవి పోయేవి చూపించే కమాండ్). ఇంకో టెర్మినల్‌లో ముందు రిజాల్వ్‌సీటీఎల్ ఫ్లష్ హైఫన్ క్యాషెస్ కొట్టు, లేకపోతే క్యాష్‌లో ఉన్న జవాబు ఇచ్చేసి బయటికే పోదు, నువ్వు ఏమీ కనపడలేదే అని చూస్తా కూచోవల్ల. ఆ తర్వాత ఏదో ఒక సైటు పేరుతో గెట్‌ఎంట్ ఏహోస్ట్స్ కొట్టు. మొదటి టెర్మినల్‌లో లైన్లు గబగబా పడతాయి. ముందు నీ మెషీన్‌లోపలే 127.0.0.53 కి పోయిన లైను, దాని కిందనే వైఫై కార్డు పేరుతో మీ కంప్యూటర్ అడ్రస్, బాణం గుర్తు, 1.1.1.3.53 అని ఉంటాది, చివర 53 అనేది పోర్టు, అంటే డీఎన్ఎస్ ప్రశ్నలు పోయే తలుపు నంబరు. ఏ, క్వాడ్ ఏ అని రెండు ప్రశ్నలు పోతాయి, మొదటిది ఐపీవీ4 అడ్రస్ కోసం, రెండోది ఐపీవీ6 కోసం, వెంటనే జవాబులు వెనక్కి వస్తాయి. బాణం అవతల ఎవరి అడ్రస్ ఉండాదో వాళ్ళే మీ డీఎన్ఎస్ సర్వర్, అంతకంటే సాక్ష్యం ఏముంది.

డిగ్ కమాండ్ వాడొద్దా అంటే వాడండి, కానీ దాని కింద సర్వర్ అనే లైనులో మళ్ళీ 127.0.0.53 అనే వస్తాది, ఎందుకంటే డిగ్ చూసేది కూడా ఆ రిజాల్వ్ ఫైలే. డిగ్‌కి వేరే ఉపయోగం ఉండాది. డిగ్ ప్లస్‌షార్ట్ హూఆమ్ఐ డాట్ అకమై డాట్ నెట్ అని కొడితే, చివరికి అకమై అనే కంపెనీ వాళ్ళ సర్వర్ తలుపు తట్టింది ఎవరో ఆ అడ్రస్ తిరిగి వస్తాది. రౌటర్ వెనకాల ఎవరున్నారో కూడా దీంతో బయటపడతాది, టీసీపీడంప్‌లో రౌటర్ వరకే కనపడతాది కదా. 1.1.1.3 వాడతాంటే ఇక్కడ 1.1.1.3 అనే రాదు, వాళ్ళ సర్వర్ బయటికి పోయే వేరే అడ్రస్ వస్తాది, కంగారు పడొద్దు, దాన్ని హూఈజ్ కొట్టి చూస్తే ఏ కంపెనీదో తెలుస్తాది. మీ నెట్ కంపెనీ పేరొస్తే మాత్రం ఎక్కడో లీకు ఉన్నట్టే.

ఇంకోటి, బ్రౌజర్. ఇది చాలా ముఖ్యం, కల్లూరు అన్నా. ఫైర్‌ఫాక్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ పేజీ అడుగున డీఎన్ఎస్ ఓవర్ హెచ్‌టీటీపీఎస్ అని ఉంటాది, క్రోమ్‌లో సెక్యూరిటీ పేజీలో యూజ్ సెక్యూర్ డీఎన్ఎస్ అని ఉంటాది. అక్కడ ఎవరైనా వేరే కంపెనీని ఎంచి పెట్టింటే బ్రౌజర్ నీ రిజాల్వ్‌డీని అడగనే అడగదు, 443 పోర్టులో నేరుగా వాళ్ళ దగ్గరికి పోతాది. టెర్మినల్‌లో అంతా చక్కగా బ్లాక్ అయితా ఉంటాది, బ్రౌజర్‌లో మాత్రం సైటు తెరుచుకుంటాది, టీసీపీడంప్‌లో 53 పోర్టు మాత్రమే చూస్తాండాం కాబట్టి అక్కడ కూడా కనపడదు. కంప్యూటర్ ఏ డీఎన్ఎస్ వాడతాంది అనే ప్రశ్నకి ఒకే జవాబు ఉండదు, ఏ ప్రోగ్రాం అడుగుతాందో దాన్ని బట్టి ఉంటాది. ఆ సెట్టింగ్ ఆఫ్ చెయ్యి, లేదంటే కస్టమ్ అని పెట్టి అదే ఫ్యామిలీ సర్వర్ పేరు ఇవ్వు.

---

ప్రొద్దుటూరు_మాస్టారు (కడప జిల్లా)

అందరూ చక్కగా రాస్తున్నారు, చదువుతుంటే సంతోషంగా ఉంది. ఏడురోడ్ల బాబు గెట్‌ఎంట్ వాడమన్నాడు కదా, అది ఎందుకో ఒక్క మాట చెప్తాను.

కంప్యూటర్ పేరు నుంచి అడ్రస్ వెతికేటప్పుడు మొదటే డీఎన్ఎస్‌కి పోదు. ఈటీసీలో ఎన్ఎస్‌స్విచ్ డాట్ కాన్ఫ్ అనే ఫైల్‌లో హోస్ట్స్ అని మొదలయ్యే లైను ఉంటుంది, ఏ వరుసలో వెతకాలో అక్కడ రాసి ఉంటుంది. సాధారణంగా అందులో మొదటి మాట ఫైల్స్, అంటే ముందు ఈటీసీ హోస్ట్స్ ఫైల్ చూడు అని. డీఎన్ఎస్ పుట్టకముందు నెట్ మొత్తానికి అదొక్కటే ఆధారం. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు ఒకే ఫైల్‌లో అన్ని మెషీన్ల పేర్లూ రాసి ఉంచితే అందరూ దాన్ని కాపీ తెచ్చుకునేవాళ్ళు. మెషీన్లు పెరిగేకొద్దీ అది మోయలేక 1983లో పాల్ మోకపెట్రిస్ డీఎన్ఎస్ రూపకల్పన చేశాడు. ఆ పాత ఫైల్ మాత్రం ప్రతి లైనక్స్‌లో ఇప్పటికీ ఉంది, ఇప్పటికీ దానిదే మొదటి మాట. గెట్‌ఎంట్ ఈ వరుస మొత్తం పాటిస్తుంది, మామూలు ప్రోగ్రాములు వెతికినట్టే వెతుకుతుంది, అందుకే అది నమ్మదగిన పరీక్ష. కాబట్టి కల్లూరు నాన్నగారూ, ఆ హోస్ట్స్ ఫైల్ కూడా ఒకసారి తెరిచి చూడండి, అందులో ఏదైనా పేరు రాసి ఉంటే డీఎన్ఎస్‌ని అడగకముందే అదే జవాబు అవుతుంది.

ఒక తండ్రికి ఇంకో తండ్రిగా చెప్తున్నా, ఈ ఫిల్టర్ పెట్టడం మంచి పనే, కానీ డీఎన్ఎస్ ఫిల్టర్ పనిచేసేది సైటు పేరు మీదనే. పెద్ద సైటులో లోపల ఉండే చెడ్డ పేజీని అది విడదీసి ఆపలేదు. పాప తొమ్మిదికి వచ్చింది, ఎందుకు పెట్టావో కూచోబెట్టి చెప్పండి, దాచిపెట్టి చేసేదానికంటే అది ఎక్కువ పనికొస్తుంది. పిల్లలకి సుడో పాస్‌వర్డ్ ఉన్న అకౌంట్ కాకుండా వేరే మామూలు అకౌంట్ ఇవ్వండి.

---

కల్లూరు_నాన్న

అందరికీ పేరుపేరునా థాంక్స్, ఇంత ఓపికగా రాస్తారని అనుకోలేదు. మాస్టారూ, మీరు చెప్పినట్టు పాపతో మాట్లాడినా, వింటా వింటా "టీసీపీడంప్ నాకూ చూపించు నాన్నా" అనింది, ఇద్దరం కూచోని చూసినాం. ఐపీవీ6 ట్యాబ్ సరిచేసినాక బాణం అవతల 2606:4700:4700::1113 కనపడుతాంది, టెస్ట్ సైటు కొడితే 0.0.0.0 అని వస్తాంది. ఫైర్‌ఫాక్స్‌లో ఆ సెట్టింగ్ ఆన్‌లో ఉండె, ఎవరు పెట్టినారో ఏమో, ఆఫ్ చేసినా. హోస్ట్స్ ఫైల్‌లో తేడా ఏమీ లేదు.

ఒక్క డౌటు మిగిలింది. కరెంటు పోతే రౌటర్ ఆగిపోతాది, కంప్యూటర్‌కి యూపీఎస్ ఉంది, అప్పుడు మా వాడు ఫోన్‌ని యూఎస్‌బీ కేబుల్‌తో తగిలించి నెట్ వాడతాడు. అప్పుడు స్టేటస్ చూస్తే కొత్త లింకు ఒకటి వచ్చింది, దాని కింద వేరే డీఎన్ఎస్ అడ్రస్ ఉంది. ఫోన్‌లో ప్రైవేట్ డీఎన్ఎస్ పెట్టినా కదా, అది కంప్యూటర్‌కి వర్తించదా?

---

టవర్‌క్లాక్_పెంగ్విన్

కంప్యూటర్‌కి వర్తిస్తాదని నమ్మడానికి లేదన్నా, అది ఫోన్ తన యాప్‌ల కోసం వాడుకునేది. నువ్వు సెట్టింగ్స్‌లో మార్చింది కూడా ఆ ఒక్క వైఫై కనెక్షన్‌కే. యూఎస్‌బీ కనెక్షన్ వేరే, రేపు చుట్టాలింటి వైఫైకి కలిపినా వేరే, ప్రతిదానికీ దాని డీఎన్ఎస్ దానిదే. ఇంకో సంగతి, రెండు కనెక్షన్లు ఒకేసారి ఉంటే రిజాల్వ్‌డీ రెండింటినీ ఒకేసారి అడిగి ముందు వచ్చిన మంచి జవాబు తీసుకుంటాది, కాబట్టి వైఫైలో ఫిల్టర్ ఉన్నా యూఎస్‌బీ నుంచి వచ్చేయొచ్చు.

అన్ని కనెక్షన్లకీ ఒకేసారి వర్తించాలంటే ఈటీసీలో సిస్టమ్‌డీ ఫోల్డర్‌లో రిజాల్వ్‌డ్ డాట్ కాన్ఫ్ ఉంటాది (ఇది రిజాల్వ్‌డీ సర్వీసు సెట్టింగ్ ఫైలు, మొదట నువ్వు తెరిచింది కాదు), సుడోతో తెరువు. డీఎన్ఎస్ అనే లైను ముందు హ్యాష్ గుర్తు తీసేసి ఈక్వల్‌టు తర్వాత 1.1.1.3, 1.0.0.3 మధ్యలో ఖాళీ వదిలి రాయి. డొమైన్స్ అనే లైనుకి కూడా హ్యాష్ తీసేసి ఈక్వల్‌టు తర్వాత టిల్డా గుర్తు, దాని పక్కనే చుక్క పెట్టు (~.). ఆ రెండు గుర్తులకి అర్థం ఏ పేరైనా సరే ముందు ఈ గ్లోబల్ సర్వర్లనే అడగమని. అది పెట్టకపోతే లింకుల్లో ఉన్నవి కూడా పోటీకి వస్తాయి. సేవ్ చేసి సుడో సిస్టమ్‌సీటీఎల్ రీస్టార్ట్ సిస్టమ్‌డీ హైఫన్ రిజాల్వ్‌డ్ కొట్టు.

స్టేటస్ మళ్ళీ చూస్తే యూఎస్‌బీ లింక్ కింద ఫోన్ ఇచ్చిన అడ్రస్ అట్లనే కనపడతాది, భయపడొద్దు, పైన గ్లోబల్ కింద కరెంట్ డీఎన్ఎస్ సర్వర్ 1.1.1.3 గానీ 1.0.0.3 గానీ ఉంటే సరి. వైఫై ఆపి, ఫోన్ తగిలించి, క్యాష్ ఫ్లష్ చేసి పాపనే టీసీపీడంప్ పెట్టి చూడమను. ఆఫీసు వీపీఎన్ ఏదైనా ఈ కంప్యూటర్‌లో వాడితే మాత్రం ముందే చెప్పు, ఆఫీసు లోపలి పేర్లు గ్లోబల్‌కి పోతే దొరకవు, దానికి ఆ వీపీఎన్ కనెక్షన్‌లో ఆఫీసు డొమైన్ పేరు విడిగా రాయాల.

---

కల్లూరు_నాన్న

వీపీఎన్ లేదన్నా. ఇప్పుడే చేసి చూసినా, ఫోన్ తగిలించినా 1.0.0.3 కే పోతాంది, టెస్ట్ సైటు 0.0.0.0. చుట్టాలింటికి సిస్టమ్ తీసుకుపోయే పని లేదు గానీ మా తమ్ముడి ల్యాప్‌టాప్ డోన్‌లో ఉంది, లైనక్స్ మింట్ వేసుకున్నాడు, వాళ్ళ పిల్లలూ చిన్నోళ్ళే, ఇదే ఫైల్ అక్కడా ఉంటాదా?

---

ఏడురోడ్ల_అడ్మిన్

మింట్ 21, 22 అయితే ఉబుంటు మీద కట్టిందే కాబట్టి ఉంటాది, అదే ఫైలు అదే రెండు లైన్లు. మింట్‌లోనే ఎల్ఎండీఈ అనే రకం అయితే డెబియన్ మీద కట్టింది, ముందు రిజాల్వ్‌సీటీఎల్ స్టేటస్ కొట్టి చూడమను, కమాండ్ దొరకలేదు అని వస్తే ఆ పద్ధతి అక్కడ నడవదు, అప్పుడు నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో ఐపీవీ4, ఐపీవీ6 రెండు ట్యాబుల్లోనూ రాసుకోవల్ల. చూసి ఏం వచ్చిందో ఇక్కడే పెట్టమను.